సామెతలు ఉత్త వెటకారమా, వాటిలో నిజంగా జీవితం ఉందా?

మీరు అడిగినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ అమ్మమ్మ మాట మాటకీ సామెత వేసేవారు, విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. అవే సామెతలు మీరు వాడితే జనం నొచ్చుకుంటున్నారు. మొన్న డెమోకు ముందు ల్యాప్‌టాప్ ఆగిపోయిందని చెప్పిన జూనియర్‌ని అందరి ముందూ 'ఆడలేక మద్దెల ఓడు' అన్నారు. అప్పటి నుంచి అతను ముభావంగా ఉంటున్నాడు. పైగా ఒక సామెత 'నిదానమే ప్రధానం' అంటే ఇంకొకటి 'ఆలస్యం అమృతం విషం' అంటుంది. ఇలా ఒకదానికొకటి ఎదురు తిరిగే మాటల్లో జీవితం గురించి నిజంగా ఏమైనా ఉందా, లేక అంతా వెటకారమేనా అన్నది మీ ప్రశ్న.

ఉంది. చాలా ఉంది. కాకపోతే అది సలహా రూపంలో లేదు. మన సామెతల్లో పదునైనవి 'ఇలా బతుకు' అని చెప్పవు. మనిషి తన చేతగానితనాన్ని, ఆశను, భయాన్ని ఏ సాకు కింద దాచుకుంటాడో ఆ సాకును పట్టుకుంటాయి. ఆ సాకు మనందరికీ ఉన్నదే అన్నట్టు వేస్తే నవ్వొస్తుంది. నీ ఒక్కడికే ఉందన్నట్టు వేస్తే గుచ్చుకుంటుంది. మీ అమ్మమ్మగారికీ మీకూ తేడా అక్కడే వచ్చి ఉంటుందని నా ఊహ.

నేను జూనియర్ కాలేజీల్లో చాలా ఏళ్ళు తెలుగు చెప్పాను. బస్సుల్లో, పెళ్ళిళ్ళలో, చావు ఇళ్ళలో విన్న సామెతలు రాసి పెట్టుకోవడం అప్పటి నుంచీ అలవాటు. సామెతతో పాటు ఎవరు, ఎవరితో, దేని మీద అన్నారో కూడా రాసుకుంటాను. కింద చెప్పేవన్నీ ఆ నోటు పుస్తకాల్లోంచి వచ్చినవే.

ముందు ఆ ఎదురు తిరిగే సంగతి చూద్దాం. డాక్టరు ఆపరేషన్ చేయించుకోమని చెప్పినా సంక్రాంతి వెళ్ళాక చూద్దాం, పరీక్షలు అయ్యాక చూద్దాం అని నెట్టుకొస్తున్న మనిషికి 'ఆలస్యం అమృతం విషం' అని చెప్పాలి. స్థలం మీద తాకట్లు ఉన్నాయేమో చెప్పే ఈసీ తీయించకుండా, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు చూడకుండా స్థలానికి బయానా ఇచ్చేస్తానని ఉరుకుతున్న మనిషికి 'నిదానమే ప్రధానం' అని చెప్పాలి. ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నదమ్ములు కావచ్చు. ఒకే మనిషి కూడా కావచ్చు, ఆపరేషన్ విషయంలో ఒకలా, స్థలం విషయంలో ఇంకోలా. ఎదురుగా ఉన్న మనిషి ఏ వైపు ఒరిగిపోతున్నాడో చూసి రెండో వైపు నుంచి పట్టుకునే మాట అది. ఎవరూ లేని చోట, కాగితం మీద పక్కపక్కన పెట్టి చూస్తే విరుద్ధంగానే కనిపిస్తాయి.

అందుకే పుస్తకంలో సామెతలు చదివితే సగమే దొరుకుతాయి. 1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మద్రాసులో 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' పేరుతో తెలుగు సామెతలను ఇంగ్లీషు అనువాదాలతో అచ్చు వేయించాడు. ఆయనకు మనం నిజంగా రుణపడి ఉన్నాం. అది లేకపోతే చాలా మాటలు ఈపాటికి పోయేవి. అయినా ఏ అత్త ఏ కోడలితో ఏ గొంతుతో అన్నదో అచ్చులోకి రాదు కదా.

ఇక సాకుల సంగతి. నా మటుకు సామెతల్లో అసలు సంపద ఇక్కడే ఉంది.

మీరు వాడిన 'ఆడలేక మద్దెల ఓడు'నే తీసుకోండి. ఈ మాట మన ఒక్కరిదే కాదు. హిందీవాళ్ళు ఆడటం రానిదానికి వాకిలి వంకర అంటారు, తమిళులు కూడం, అంటే ఇంట్లోని హాలు, వంకర అంటారు. అక్కడ తప్పు నేల మీదికో గది మీదికో పోతుంది. మన సామెతలో మాత్రం తప్పు మద్దెల మీదికి పోయింది. మద్దెల వెనక ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఆడలేని మనిషి నెపం పెట్టింది వాయిద్యం మీదే అయినా, ఆ మాట తగిలేది పక్కన కూర్చుని వాయించేవాడికి. చేతగానితనం ఒప్పుకోలేని మనిషి ముందుగా తనతో కలిసి పనిచేసేవాడినే బలి పెడతాడని మనవాళ్ళు గమనించారన్నమాట. ఏ ఆఫీసులోనైనా ఒక ప్రాజెక్టు చెడిపోయాక జరిగే మీటింగులో కూర్చోండి, ఇది కళ్ళారా కనిపిస్తుంది.

సాకుల సామెతల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తాటిచెట్టుది. 'తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం' అన్నంత వరకే చాలామందికి తెలుసు. పల్లెల్లో దానికి రెండో భాగం ఉంది. 'తాటిచెట్టు మీద దూడగడ్డి ఎక్కడిదిరా' అని అడిగితే 'అందుకే దిగుతున్నాను' అన్నాడట! కల్లు కోసం ఎక్కి దొరికిపోయాడు. మొదటి సాకు ఎవరైనా చెబుతారు. మనిషి స్వభావం బయటపడేది రెండోదాంట్లో. అబద్ధం దొరికిపోయాక కూడా దాన్ని వదలకుండా, దొరికిపోవడాన్నే ఆ అబద్ధంలో కలిపేసుకున్నాడు. పైగా ఇప్పుడు తను సరైన పనే చేస్తున్నట్టు చెబుతున్నాడు, దిగుతున్నాడు కదా మరి. క్లాసులో ఈ సామెత చెప్పి, మీరు వారం రోజుల్లో ఇలా ఎప్పుడు ప్రవర్తించారో రాయండి అన్నాను. ఒక కుర్రాడు రాశాడు: ఆన్‌లైన్ క్లాసని చెప్పి ఫోన్‌లో గేమ్ ఆడుతుంటే వాళ్ళమ్మ చూసి, క్లాసు ఎక్కడరా అందట. 'అది అయిపోయిందనే కదా ఫోన్ పక్కన పెట్టేస్తున్నా' అన్నాడట. ఆ కాగితం చదివినప్పుడు ఈ సామెతలకు కాలం చెల్లలేదని నాకు గట్టిగా అనిపించింది.

సామెతలోని వస్తువు తెలియకపోతే అందులోని చురుకు పోతుంది. ఇది మీలాంటి వాళ్ళకు తప్పకుండా చెప్పాల్సిన మాట. 'గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు' అంటాం. భుజాలే ఎందుకు? అది బూడిద గుమ్మడికాయ. పండిన కాయ మీద తెల్లటి బూడిదలాంటి పొడి ఉంటుంది. భుజాన పెట్టుకుని మోసుకెళితే అది అంటుకుంటుంది. దొంగను ఎవరూ పట్టుకోలేదు, పేరు కూడా చెప్పలేదు. తన చెయ్యే వెళ్ళి తన భుజం దులిపింది. గిల్టీగా ఉన్న మనిషిని పట్టుకోవడానికి పోలీసులు అక్కర్లేదు, అతని ఒళ్ళే సాక్ష్యం చెబుతుందన్న సంగతి అందులో ఉంది. 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' కూడా అంతే. పచ్చి కంద కోస్తే చేతులు దురద పెడతాయని తెలియాలి. అసలు బాధ పడాల్సిన ఇద్దరూ సర్దుకుని కాఫీ తాగుతుంటే, మధ్యలో ఎవరో వాళ్ళ తరఫున ఊగిపోతుంటారే, వాళ్ళ గురించి ఇంత చిన్న వాక్యంలో ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

'దొంగకు తేలు కుట్టినట్టు' వీటిలో కాస్త వేరు. ఇక్కడ వెక్కిరింత కన్నా జాలి ఎక్కువని నాకనిపిస్తుంది. చీకట్లో పరాయి ఇంట్లో దూరాడు, తేలు కుట్టింది, అరిస్తే దొరికిపోతాడు. నొప్పి మాత్రం నిజమే. ఎవరికీ చెప్పకుండా అప్పు చేసి షేర్లలో పెట్టి పోగొట్టుకున్నవాళ్ళు, ఆన్‌లైన్ లోన్ యాప్‌లలో ఇరుక్కున్న పిల్లలు, రోజంతా నవ్వుతూ తిరుగుతూ రాత్రి నిద్రపోనివాళ్ళు ఇలాంటి తేలుకాటు మోస్తున్నవాళ్ళే. ఒక విద్యార్థి మూడు నెలలుగా ఫీజు డబ్బు వేరే దానికి వాడేసి ఇంట్లో చెప్పలేక ముడుచుకుపోతుంటే, ఈ సామెత గుర్తొచ్చే నేను అతన్ని పక్కకు పిలిచి మాట్లాడాను. ఆ సామెత అతనితో అనలేదు. నాకు అతన్ని గుర్తుపట్టడానికి పనికొచ్చింది, అంతే. సామెతకు అన్నిటికన్నా మంచి వాడుక బహుశా ఇదే. పైకి అనకుండా, మనిషిని అర్థం చేసుకోవడానికి వాడటం.

ఇక మీ జూనియర్ విషయానికి వస్తాను.

మన సామెతల్లో చాలావాటిలో ఎవరో మూడో మనిషి ఉంటాడు. 'ఏడ్చిందట', 'అడిగాడట', 'అన్నట్టు'. ఎదుటివాడిని నేరుగా అనకుండా, ఎక్కడో ఎప్పుడో ఉన్న ఒకడి కథ చెప్పి, పోల్చుకోవడం వినేవాడికి వదిలేస్తాం. పోల్చుకోకుండా నవ్వేసి ఊరుకునే వీలు కూడా అతనికి ఉంటుంది. ఆ వీలే సామెతలోని మర్యాద. ఆరుగురు కూర్చున్న గదిలో, ఒక్కడి ల్యాప్‌టాప్ ఆగిన క్షణంలో అంటే ఆ వీలు పోతుంది. అందరి కళ్ళూ అతని మీదే ఉంటాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ సామెత ముందే తీర్పు ఇచ్చేస్తుంది. మద్దెల బాగానే ఉందని, ఆడటమే రాదని. కానీ కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడు. అతని ల్యాప్‌టాప్ నిజంగా పాడైందేమో మీరు కనుక్కున్నారా? కనుక్కోకుండా అని ఉంటే, చేయని తప్పుకు నలుగురిలో దోషిగా నిలబెట్టినట్టే. ముందు ఆ సంగతి తేల్చుకోండి. పాడైన మాట నిజమైతే అతనితో విడిగా కాక, అదే టీమ్ ముందు 'ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది, సిస్టమ్ నిజంగానే పోయింది' అని చెప్పండి. అందరి ముందు అన్నమాటను పక్కకు పిలిచి వెనక్కి తీసుకుంటే సరిపోదు. ఆ క్షమాపణలో మళ్ళీ ఏ సామెతా వేయకండి, దయచేసి.

దీనికి మనవాళ్ళ దగ్గర ఒక మాట ఉంది, కొంచెం కష్టమైనది. 'మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట'. దెబ్బ కన్నా ఆ దెబ్బను చూసి నవ్విన మనిషి ఎక్కువ బాధపెడుతుందన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. మేనేజర్ విడిగా ఎంత తిట్టినా ఓర్చుకునే మనిషి, కాన్ఫరెన్స్ కాల్‌లో ఒక్క ముక్క అంటే వారం రోజులు మర్చిపోలేడు. కానీ ఈ సామెతలో ఇంకొకటి కూడా ఉంది. మొగుడు కొట్టడం అందులో మామూలు విషయం అయిపోయింది. దాని గురించి ఎవరూ ఏమీ అనరు. నేను క్లాసులో ఈ సామెత చెప్పినప్పుడు రెండు సంగతులూ చెప్పేవాడిని. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి 'కొట్టినందుకు ఎందుకు ఏడవకూడదు సార్?' అని అడిగింది. ఆ ప్రశ్న అడగగలిగినప్పుడే ఆ సామెత పూర్తిగా అర్థమైనట్టు.

ఇలాంటిదే కులాల మీద, వృత్తుల మీద ఉన్న సామెతల సంగతి. 'చెప్పేవి శ్రీరంగ నీతులు' అంటూ మొదలయ్యే సామెత రెండో సగం ఒక సంచార జాతి గుడిసెల మీద మచ్చ వేస్తుంది. నీతులు చెప్పే దొంగను పట్టుకోవాలంటే, ఆ నీతులతో సంబంధమే లేని పేదవాళ్ళను మధ్యలోకి లాగాల్సిన పనేముంది? అలాంటివి నా నోటు పుస్తకంలో ఉన్నాయి, ఎందుకంటే జనం అన్నారు, రాసుకోవాలి. నా నోట్లో మాత్రం లేవు. పెద్దవాళ్ళు అన్నారు కాబట్టి మనమూ అనొచ్చు అన్న వాదన నేను ఒప్పుకోను. నాకు తెలిసిన సామెతల్లో అవి తీసేసినా మిగిలేవి ఒక జీవితకాలానికి సరిపోతాయి.

ఎవరు ఎవరిని అనొచ్చు అన్నది కూడా చూసుకోవాలి. మీ అమ్మమ్మగారికి ఆ ఇంట్లో అందరినీ ఎత్తి పెంచిన చనువు ఉంది. 'తిన్నావా' అని అడిగిన నోటితోనే 'మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె' అంటే మనవడు నవ్వుతాడు. బావామరదళ్ళ మధ్య, వియ్యపురాళ్ళ మధ్య, చిన్ననాటి స్నేహితుల మధ్య ఆ చనువు ఉంటుంది. పైఅధికారి కింద ఉద్యోగిని అంటే మాత్రం అవతలివాడు తిరిగి సామెత వేయలేడు. తిరిగి వేయలేని మనిషి మీద సామెత వేయకూడదు. నేను గట్టిగా పట్టుకున్న నియమం ఇది. స్టాఫ్ రూములో ఎన్ని వేసుకున్నా, మార్కులు నా చేతిలో ఉన్న పిల్లవాడి మీద వేసేవాడిని కాదు. వాళ్ళ చేత వాళ్ళ మీదే వేయించేవాడిని.

వాట్సాప్‌లో అయితే అసలే వద్దంటాను. గొంతు వినపడదు, మొహం కనపడదు. పోతన భాగవతం దశమ స్కంధంలో నందుడు తన ఇంటికి వచ్చిన గర్గ మునితో 'ఊరక రారు మహాత్ములు' అంటాడు. ఎంతో వినయంతో అన్న మాట అది. ఇప్పుడు మన ఇళ్ళలో అదే మాట, ఆర్నెల్లుగా కనపడని బంధువు ఉన్నట్టుండి గుమ్మంలో నిలబడితే 'అప్పు అడగడానికే వచ్చి ఉంటాడు' అన్న అర్థంలో వస్తుంది. అదే మాటకు రెండు అర్థాలు, తేడా అంతా గొంతులోనే. ఫ్యామిలీ గ్రూపులో మీ మేనమామ 'రేపు వస్తున్నాం' అని పెడితే మీరు కింద ఆ ముక్క టైప్ చేశారనుకోండి, ఆయన ఏ అర్థం తీసుకుంటాడో మీకు తెలియదు.

మరి ఎవరి మీద ఎప్పుడూ వేయకూడదా అంటే, అలా కాదు. వేయాల్సిన చోట వేయాలి. ఒక చావు ఇంట్లో, ఇంకా శవం లేవకముందే, ఒక పెద్దమనిషి వచ్చి పొలం పాస్‌బుక్ ఎవరి దగ్గర ఉందని ఆరా తీయడం మొదలుపెట్టాడు. కొడుకులకు ఏం చెప్పాలో తోచలేదు. మూలన కూర్చున్న ఒక ముసలమ్మ తలెత్తకుండా, 'ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఒకడు' అంది. ఇంకొక్క మాట లేదు. ఆయన లేచి బయటకు వెళ్ళిపోయాడు. అక్కడ ఆ మాట బలహీనుల వైపు నిలబడింది. బలం, డబ్బు, వయసు ఉన్న మనిషిని, ఏ అధికారమూ లేని ఒక ముసలమ్మ ఒక్క వాక్యంతో ఆపింది. గొడవ కాలేదు, ఎవరి పేరూ రాలేదు. వెక్కిరింత ఎందుకు పుట్టిందో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సామెతే సాకు అయిపోయే ప్రమాదం ఉంది. 'పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు' అన్నది, రెండు ఉద్యోగాలు చేస్తూ బీపీ తెచ్చుకున్న మనిషి అనుకుంటే బతుకుతాడు. డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళుగా ఏ ప్రయత్నమూ చేయని కుర్రాడు అరుగు మీద కూర్చుని అదే మాట అంటే, అది అతని దూడగడ్డి. ఇంట్లో 'నలుగురితో నారాయణ' అనేవాళ్ళను కూడా గమనించండి. కలిసిపోవడం గురించి చెబుతున్నారా, తప్పును తప్పు అనడానికి భయపడి చెబుతున్నారా అన్నది వాళ్ళకే తెలియాలి.

మీ అమ్మమ్మగారి సామెతలు పోకుండా చూడాలని ఉందని కూడా రాశారు. చాలా మంచి ఆలోచన, ఆలస్యం చేయకండి. మీ అమ్మగారిని, పెద్దమ్మలను, పిన్నులను కూర్చోబెట్టి 'అమ్మమ్మ సామెతలు చెప్పండి' అని అడిగితే ఎవరికీ ఒక్కటీ గుర్తు రాదు. అలా అడగకండి. పాత సంగతులు కదపండి. ఫలానా పెళ్ళిలో భోజనాల దగ్గర ఏం గొడవ జరిగింది, తాతయ్య ఎద్దులు కొన్నప్పుడు అమ్మమ్మ ఏమంది, పక్కింటివాళ్ళతో గట్టు తగాదా ఎలా తీరింది అని అడగండి. కథ చెబుతూ ఉంటే సామెత దానంతట అదే వస్తుంది. ఫోన్‌లో రికార్డ్ పెట్టుకోండి, వాళ్ళకు చెప్పి. రాసుకునేటప్పుడు పుస్తకం భాషలోకి దిద్దకండి. 'ఓడ మల్లన్న' అన్నారో 'ఓడ మల్లయ్య' అన్నారో, 'తాటిచెట్టు' అన్నారో 'తాడిచెట్టు' అన్నారో, వాళ్ళ నోట్లో ఎలా వస్తే అలాగే. పక్కన నాలుగు సంగతులు రాయండి: ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, దేని మీద అన్నారు, విన్నవాళ్ళు ఏం చేశారు. ఆ నాలుగోది చాలామంది వదిలేస్తారు, దాన్ని మాత్రం వదలకండి.